విత్తనాలు అడిగిన ప్రొఫెసరు

మా యూనివర్సిటీ లైబ్రరీ బయట ఒక నోటీసు బోర్డు ఉండేది. పరదేశాల్లో పరిశోధన చేయడానికి ఫెలోషిప్పులు ఇస్తామనే ప్రకటనలు అక్కడ అంటించేవాళ్లు. ప్రకటన ఉండేది గానీ, దరఖాస్తు ఎక్కడికి పంపాలో రాసిన అడుగుభాగాన్ని ఎవరో ఒకరు అప్పటికే చింపుకొని పోయేవాళ్లు. పదిమందికి తెలిస్తే పోటీ పెరుగుతుంది కదా, అదీ భయం. వాళ్లను ఎంత తిట్టుకున్నానో లెక్కలేదు. ఆ తర్వాత ఒకరోజు చెక్కుచెదరని ప్రకటన ఒకటి కనబడితే, అటూ ఇటూ చూసి నేనూ చింపాను. ఇప్పుడు సిగ్గేస్తుంది. అప్పుడు వెయ్యలేదు.

నేను అనుమానపు మనిషిని. అది మా నాయన నుంచి వచ్చింది. కళ్యాణదుర్గం బస్సెక్కాలంటే ఆయన ముందు బోర్డు చదివేవాడు, తర్వాత కండక్టరును అడిగేవాడు, ఎక్కి కూర్చున్నాక పక్క సీటాయన్ను కూడా అడిగేవాడు. ఊరికే అట్లా తయారు కాలేదులెండి. నా చిన్నప్పుడు ఒక విత్తనాల అంగడివాడి మాట నమ్మి పొద్దుతిరుగుడు వేశాడు. మొక్క నిలువెత్తు పెరిగింది, పువ్వు పళ్లెమంత విచ్చింది, లోపల మాత్రం ఒక్క గింజ కట్టలేదు. ఆ ఏడాది నుంచి మా నాయన మనుషుల్ని చూసే చూపే మారిపోయిందని అమ్మ అనేది.

తొంభైల చివర నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేశాను. కొర్ర పైరు వాన లేకుండా ఎన్నాళ్లు తట్టుకుంటుందనేది నా ప్రాజెక్టు. బెళుగుప్ప పక్కన మా ఎర్రనేలలో పుట్టినదానికి అంతకంటే వేరే సందేహం ఎట్లా వస్తుంది? అదే పని మీద పీహెచ్‌డీ చేయాలని నా పట్టుదల. ఫెలోషిప్పు లేకుండా చదివించే స్తోమత మాకు లేదు. అది దొరక్కపోతే వచ్చే ఎండాకాలానికి బి.ఎడ్.లో చేరాలని ఇంట్లో ఒప్పందం. అంటే నాకు మిగిలింది ఒకే ఒక్క ఏడాది. గైడు సారుకు ల్యాబులో సాయం చేస్తూ హాస్టల్లోనే ఉండిపోయాను.

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర కొత్తగా ఒక నెట్ సెంటర్ తెరిచారు. చాపతో అడ్డం కట్టిన గదిలో కూర్చొని, పత్రికల్లో దొరికిన పేర్లన్నిటికీ ఉత్తరాలు రాశాను. చాలామంది పలకలేదు. ఐరోపాలో ఒక చలిదేశం ప్రొఫెసరు మాత్రం రెండో రోజుకే జవాబిచ్చాడు. సంతోషం కంటే ముందు అనుమానం వచ్చింది. మా డిపార్ట్‌మెంటులో పక్కగది సారు సంతకం పెట్టడానికే వారం పట్టేది. సముద్రాల అవతల పెద్దమనిషికి నా కోసం అంత తీరిక ఎక్కడిది?

నాలుగేళ్ల ఫెలోషిప్పు, రానుపోను ఖర్చులు, ఉండటానికి గది అన్నీ వాళ్లవేనట. ఏప్రిల్‌లో కమిటీ కూర్చుంటుంది, నీ పేరు నేను పెడతాను, అని రాశాడు. దాన్ని ప్రింటు తీయించుకొని, ఊరికి పోయి నాయనకు చదివి వినిపించాను. ఆయన అంతా విని, బీడీ ఆర్పి, "వాళ్లు దుడ్లిచ్చి నిన్ను చదివిచ్చేదేంది? మన దగ్గర ఏముండాదని?" అన్నాడు.

దానికి జవాబు పదిహేను రోజులకు ఆ ప్రొఫెసరే పంపాడు. నువ్వు నీ ప్రాజెక్టులో రాసిన మీ ఇంటి కొర్రలు కొన్ని పంపగలవా, కమిటీకి చూపడానికి ముందుగా ఇక్కడ చిన్న పరీక్ష చేస్తాను, అని.

"ఆఁ! ఇప్పుడు బయటపడింది," అన్నాడు నాయన. కడుపు నిండినంత తృప్తిగా అన్నాడు.

పసుపు మీదా వేప మీదా పరదేశం వాళ్లు హక్కులు రాయించుకున్నారని పేపర్లలో వచ్చిన రోజులవి. రెండోసారి మొలవని విత్తనం ఏదో వస్తోందని రచ్చకట్ట మీద రోజూ అదే మాట. మా కొర్ర సంగతి వేరు. నేల తడిసేలా రెండు పదునుల వాన పడితే చాలు, పండుతుంది. వేరుశనగ మొత్తం ఎండిపోయిన ఏడాదుల్లో కూడా అది మాకు గంజికి దారి చూపింది. నాయన ఆ విత్తనాన్ని బూడిదా వేపాకూ కలిపి కుండలో పెట్టి, మూతికి పేడ మెత్తి దాచేవాడు. సొంత తమ్ముడు అడిగినా రేపు మాపు అని తిప్పేవాడు.

అలాంటి మనిషి, నేను అడిగిన మొదటిసారికే "ఇస్తాలే పాపా" అన్నాడు. పోస్టుకు కావాల్సిన గట్టి కవరు కోసం నేను కళ్యాణదుర్గం పోయి వచ్చేసరికి తెల్లగుడ్డలో మూటకట్టి సిద్ధంగా పెట్టాడు. అక్కడ నాకు అనుమానం రావాల్సింది. లోకం మొత్తాన్నీ అనుమానించేదాన్ని, ఆ ఒక్కచోట నమ్మాను. కన్నతండ్రి కదా.

విత్తనం దేశం దాటించడానికి కావాల్సిన కాగితాలు మా గైడు సారు చూసుకున్నాడు. ఎందుకైనా మంచిదని నేను ఒక గుప్పెడు గింజలు తీసి హాస్టల్లో సీసాలో దాచుకున్నాను. ఆ ప్రొఫెసరు రేపు మాట మారిస్తే సాక్ష్యం ఉండాలని నా తెలివి.

మార్చిలో ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. రెండొందల గింజలు పెట్టాను, ఒక్కటీ మొలవలేదు, ఏం జరిగి ఉంటుంది, అని అడిగాడు.

మా కొర్ర మొలవకపోవడమా? రాతి మీద వేసినా మొలిచేది. మొలిచే ఉంటాయి, మొలిచాక ఇతనికి ఇక నాతో పని లేదు, నన్ను వదిలించుకోవడానికి ఇదొక సాకు, అనుకున్నాను. ఆ చాపగదిలోనే కూర్చొని, ఇంగ్లీషులో నాకు వచ్చిన గట్టి మాటలన్నీ ఏరి రాశాను. మా రైతులు అమాయకులు కారని, మీలాంటివాళ్ల సంగతి మేము పేపర్లలో చదువుతూనే ఉన్నామని, నా విత్తనం తీసుకొని నాకు అబద్ధం చెబుతున్నారని. పంపాక ప్రాణం హాయిగా అనిపించింది. దారిలో చెరుకురసం కూడా తాగాను.

జవాబు ఈసారీ రెండో రోజుకే వచ్చింది. నాలుగే నాలుగు వాక్యాలు. గింజల్ని కోసి చూశాను, లోపలి మొలక వేడికి చచ్చిపోయి ఉంది. నీ దగ్గర అవే గింజలు ఉంటే ఒకసారి నువ్వే పరీక్షించు. తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలియదు. కమిటీ కూర్చోవడానికి ఇంకా మూడు వారాల సమయం ఉంది.

సీసాలోని గింజల్ని తడిగుడ్డలో కట్టి కిటికీలో పెట్టాను. మూడు రోజులు చూశాను, నాలుగో రోజూ చూశాను. గింజలు ఉబ్బాయి, వాసన కొట్టాయి, అంతే. ఐదో రోజు పొద్దున్నే ఊరి బస్సు ఎక్కాను.

నాయన వసారాలో కూర్చొని ఎద్దులకు పలుపు పేనుతున్నాడు.

"నాయనా, నువ్విచ్చిన కొర్రలు మొలవలేదంట."

"మొలవవులే," అన్నాడు తలెత్తకుండా.

"తెలిసే ఇచ్చినావా?"

"తెలిసే ఇచ్చినా. మంగలంలో ఏసి సెగ తగిలిచ్చినా."

మంగలమంటే మా ఇళ్లలో జొన్నలూ శనగలూ వేయించే మట్టిపాత్ర. నేను కవరు కోసం పోయినప్పుడు ఆయనే పొయ్యి ముందు కూర్చొని, రంగు మారకముందే, గింజ పేలకముందే దించాడట. అది ఎంత నేర్పుగా చేశాడో కూడా చెప్పాడు. "సదువుకున్నదానివి, నీకే తెలీలా గదా?" అన్నాడు. ఆ గొంతులో గర్వం విని నాకు ఒళ్లు మండిపోయింది.

"మరి నా సీటు సంగతి?"

"సీటు నీకు, ఇత్తనం మనకు. అట్ల అనుకుంటి." పలుపు పక్కన పెట్టి నిజంగా అర్థం కానట్టు నా వైపు చూశాడు. "ఆయప్ప ఇప్పుడే ఎందుకు ఏసినాడు పాపా? మృగశిర కార్తె ఇంగా రాలేదే. వాన లేకుండా ఎవురన్నా ఇత్తుతారా? ఆయప్ప ఏసే పొద్దుకు నువ్వు ఆడికి పోయి చేరింటావు గదా అనుకుంటి."

గాజుపళ్లెంలో తడి కాగితం పరిచి, ఏడాదిలో ఏ రోజైనా గింజను మొలిపిస్తారని నేను చెప్పాను. "కాగితం మీదనా?" అన్నాడు. నాకు అరవాలనిపించింది, అరిచాను కూడా. నా నాలుగేళ్ల చదువును పొయ్యి మీద పెట్టినావు అన్నాను. అమ్మ లోపల్నుంచి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది.

అరుపులు అయిపోయాక, మంచి విత్తనం ఇయ్యి, ఇంకా టైముంది, అని అడిగాను.

"ఆయప్ప మంచోడని నువ్వు చెప్పు," అన్నాడు నాయన. "నువ్వు చెప్తే కుండ మొత్తం ఇస్తా. పరీక్షగాళ్లను, పేపర్లోళ్లను నేను నమ్మను. నువ్వు చెప్పు చాలు."

నోరు తెరిచాను. మంచివాడే నాయనా, అంటే అయిపోయేది. ఆ మాట రాలేదు. ఆ ప్రొఫెసరును నేను చూసిందీ లేదు, విన్నదీ లేదు. నిజంగా రేపు ఈ గింజ మీద హక్కు రాయించుకుంటే? నాలుగు వాక్యాలు మర్యాదగా రాసినంత మాత్రాన మంచివాడైపోతాడా? "నాకు తెలీదు నాయనా," అన్నాను.

"నీకే తెలీనప్పుడు నేనెట్ల ఇచ్చేది?"

ఖాళీ చేతులతో అనంతపురం వచ్చి, జరిగింది జరిగినట్టు ప్రొఫెసరుకు రాశాను. మంగలం సంగతీ, కార్తె సంగతీ, నేను వాడిన మాటలకు క్షమాపణా. ఈసారి జవాబుకు నెల పట్టింది. అది కూడా కంప్యూటరులో కాదు, పోస్టులో వచ్చింది. ఫెలోషిప్పు ఇంకొక విద్యార్థికి ఇచ్చామని, గింజలు మొలవకపోవడం అందుకు కారణం కాదని రాశాడు. నాలుగేళ్లు పక్కపక్కన పనిచేయాల్సినవాళ్ల మధ్య నమ్మకం మొదలే లేకపోతే ఇద్దరికీ కష్టమన్నాడు. మీ నాన్నగారి మీద నాకు కోపం లేదు, ఆయన స్థానంలో ఉంటే నేనూ భయపడేవాణ్ణేమో అన్నాడు. కవరులో ఒక చిన్న సంచి ఉంది. అందులో మిగిలిన గింజలు, కోసి చూసిన ముక్కలతో సహా, అన్నీ ఉన్నాయి. ఇవి మీవి, అని చీటీ మీద రాసి ఉంది.

ఎందుకూ పనికిరాని గింజలవి. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. అయినా రిజిస్టర్ పోస్టులో తిప్పి పంపాడు. హాస్టల్ గది తలుపు వేసుకొని ఏడ్చాను.

సామాను సర్దుకొని ఊరికి పోయేసరికి నాయన బస్సు దిగేచోట నిలబడి ఉన్నాడు. పెట్టె అందుకున్నాడు. సగం దూరం నడిచాక, "పోయిందా పాపా?" అన్నాడు.

"పోయింది."

ఇంకొంచెం దూరం నడిచాం. "నా వల్లనేనా?"

లోకాన్నంతా సందేహించిన మనిషి, మొదటిసారి తనను తాను సందేహిస్తున్నాడు. ఆ ముఖం నేను చూడలేకపోయాను. సగం తప్పు నాదేనని చెప్పవచ్చు, అది నిజం కూడా. కానీ మిగిలిన సగం ఆయన మీదే ఉంటుంది, చచ్చేదాకా మోస్తాడు.

"నీ వల్ల కాదు నాయనా. నువ్వన్నట్లే ఆయప్ప దొంగే. ఇట్లనే శానామంది కాడ ఇత్తనాలు తెప్పిచ్చుకున్నాడంట," అన్నాను.

"నేను సెప్పలా?" అన్నాడు. నడక మారిపోయింది, పెట్టె భుజానికెత్తుకున్నాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

బి.ఎడ్. చదివాను, టీచరునయ్యాను. విడపనకల్లు వైపు బడిలో పనిచేసిన రోజుల్లో, సెలవులకు అనంతపురం పోయినప్పుడు నెట్‌లో ఆ ప్రొఫెసరు పేరు కొట్టి చూసేదాన్ని. ఆయన రాసిన వ్యాసాలు కనిపించేవి. ప్రతి వ్యాసం చివరా, విత్తనం ఏ ఊరిదో, ఇచ్చిన రైతు ఎవరో పేర్లు వేసి, ఈ పంట వీళ్లది అని రాసేవాడు. మూడు నాలుగు దేశాల పల్లెలు, రైతుల పేర్లు. ఆ వరసలో మా ఊరి పేరూ, మా నాయన పేరూ ఉండాల్సిన చోటు నాకు తెలుస్తూనే ఉండేది.

మా నాయన ఆ కథను పెళ్లిళ్లలో, టీ హోటల్లో, విత్తనాల గురించి చెప్పడానికి వచ్చిన వ్యవసాయ ఆఫీసరుకు కూడా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆ ప్రొఫెసరు ఇంకొంచెం దుర్మార్గుడయ్యేవాడు. చివరికి కథలో ఆయన నన్నే ఎత్తుకుపోవాలని కూడా చూశాడు. కథ ముగిశాక నాయన అందరి ముందూ నా వైపు తిరిగి, "కాదా పాపా?" అని అడుగుతాడు.

"అవు నాయనా, దొంగే," అంటాను.