రేడియో చిచ్చా వేసిన బెల్టు

ఆ రోజుల్లో నల్గొండలో కంప్యూటర్ అంటే చెప్పులు విడిచి దర్శించుకునే వస్తువు. దాని గదికి పరదాలు, దానికి గుడ్డ ముసుగు, దాని ముందు కూర్చున్నవాడికి కొత్త అల్లుడి మర్యాద. ఆ మర్యాద కొన్నాళ్లు నేనూ అనుభవించాను కాబట్టి ఒక సంగతి సూటిగా చెప్పేస్తాను. గడియారం సెంటర్ దగ్గర మా మేనమామ నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాత కంప్యూటర్ చెడిపోయింది రేడియో చిచ్చా వేసిన బెల్టు వల్ల కాదు, నా వల్ల. ఈ మాట అప్పుడే, ఆ గదిలోనే అనాల్సింది. అనలేదు.

తొంభైల నడిమి మాట ఇది. టైపు మిషన్ల మీదికి వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారని మామ ఎక్కడో వేలంలో ఒక కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. ఎనభైల్లో ఏదో ఆఫీసు తెప్పించుకుని, నడపడం ఎవరికీ రాక, బట్ట కప్పి మూలన పెట్టిన సరుకు. పచ్చటి అక్షరాల తెర, రుబ్బురోలంత బరువు. నేను బీఎస్సీ అయ్యాక హైదరాబాద్‌లో ఏదో కోర్సు వెలగబెట్టి వచ్చాను కనుక గురువును నేనే. "కొత్తయి దసరా ఎల్లినంక తెస్త. అందాక దీంతోనే నేర్పురా, కంప్యూటర్ కంప్యూటరే గద," అన్నాడు మామ. ఒక్కటే చిక్కు. అది లేవలేదు. దాని కడుపులో దేన్నీ దాచుకునే జాగా లేదు. అప్పడమంత నల్లటి ఫ్లాపీ ఒకటి నోట్లో పెట్టి గొళ్లెం తిప్పితే, అందులోది చదువుకుని లేవాలి. ఆ చదివే డబ్బా, అంటే డ్రైవు, చచ్చి ఉంది. అప్పటికే చిన్న ఫ్లాపీలు వచ్చేసి, ఆ పాత డ్రైవులు చేసేవాళ్లు మానేశారు. నేనేమో (గురువును కదా) మీట నొక్కడం, ఆపడం, మళ్లీ నొక్కడం అనే విద్య తప్ప మరొకటి ఎరగను.

అప్పుడు మెట్ల కింద దుకాణం నుంచి రేడియో చిచ్చా పైకి వచ్చాడు. రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసేవాడు. ఆయనకు అణకువ అనేది ఏ కోశానా లేదు. "నా చెయ్యి పడితే మూగవడ్డ రేడియో గూడ ఖవ్వాలీ పాడ్తది బేటా," అనేవాడు. డ్రైవు విప్పి వాసన చూశాడు (ఏది విప్పినా ముందు వాసన చూసేవాడు). లోపల తిప్పే రబ్బరు బెల్టు కరిగి బెల్లం పాకమైంది, రాత చదివే తల అరిగిపోయింది. "దీని తమ్ముడు ఏడనో బతికే ఉంటడు. దేవులాడుదాం," అన్నాడు.

గురువారం తెల్లారి బస్సెక్కి హైదరాబాద్‌లో పాత సామాన్ల సంత, జుమ్మేరాత్ బజార్‌కు పోయాం. చచ్చిన డ్రైవును తువ్వాలలో చుట్టి, పెళ్లి సంబంధానికి జాతకం పట్టుకుపోయినట్టు చిచ్చా ఒళ్లో పెట్టుకున్నాడు. పాత ఇనుము, తెగిన వైర్లు, మూతల్లేని మిక్సీ జార్ల మధ్య ప్రతి దుకాణం ముందూ తువ్వాల విప్పి చూపించాం. ఒకాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "చిచ్చా, దీన్ని నడిపియ్యకు, గుంత తవ్వి దఫన్ చెయ్యి," అన్నాడు. "ముందుగాల నీ తరాజును దఫన్ చెయ్యి, పాపం చానా రోజుల సంది తూకంల అబద్ధం ఆడ్తాంది," అని చిచ్చా ముందుకు నడిచాడు. పొద్దు వాలేవేళకు దొరికింది. ఎక్కడనుకున్నారు? ఒక ముసలి వ్యాపారి కూర్చున్న మంచానికి ఒక కోడు పొట్టిదైతే, దాని కింద ఎత్తుకు పెట్టి ఉంది. ఆయన ఇవ్వనన్నాడు. కంప్యూటర్ మీద ప్రేమతో కాదు, మంచం ఊగుతుందని. చిచ్చా తువ్వాలలోది తీసి కోడు కింద పెట్టి, అక్కడున్నదాన్ని లాగేశాడు. మంచం ఊగలేదు. ఆ పెద్దమనిషి మాకు చాయ్ కూడా తాపించాడు.

దొరికినదాని తల బాగుంది, బెల్టు లేదు. చిచ్చా తన దుకాణంలోని టేప్ రికార్డర్ బెల్టుల్లో ఒకటి ఏరి, కొలిచి, వేశాడు. ఫ్లాపీ పెట్టాం. అది గురగురమంది, కాసేపు ఆలోచించింది, తెర మీద పచ్చటి అక్షరం వెలిగింది. నాకు ఏడుపొచ్చింది, చిచ్చాకు గర్వమొచ్చింది. టేప్ రికార్డర్ బెల్టుతో కంప్యూటర్ నడిపిన మనిషి జిల్లాలో తానొక్కడేనని కూరగాయల బండ్లదాకా పోయి చెప్పాడు. కొత్త మిషన్లు వచ్చాక వాటి బాగోగులన్నీ నీవేనని మామ చిచ్చాకు అందరి ముందూ మాటిచ్చాడు. అది ఆయనకు చిన్న మాట కాదు. రేడియో బాగుచేయించుకునేవాళ్లు అప్పటికే కరువయ్యారు. ఆ దుకాణం నిలవాలంటే ఈ పని రావాలి.

ఇక దసరా. టైపు మిషన్లకు, కంప్యూటర్‌కు పూజ చేసి, పసుపు కుంకుమలు పెట్టాం. సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి, బంగారమని ఒకరి చేతిలో ఒకరం పెట్టుకుని, పెద్దల కాళ్లు మొక్కాం. అప్పుడు నాలోని గురువు మేల్కొన్నాడు. ఈ కంప్యూటర్ మన బతుకుదెరువు, దీనికి బంగారం పెట్టకపోతే ఎట్లా? చేతిలో పెడదామంటే దానికి చెయ్యి లేదు, నోరుంది. నాలుగు జమ్మి రెబ్బలు భక్తిగా డ్రైవులోకి తోసి, గొళ్లెం తిప్పి, దండం పెట్టాను.

మరునాడు ఆ సంగతి మరిచిపోయి అందులోనే ఫ్లాపీ దూర్చాను. పిండిగిర్నీలో రాయి పడ్డట్టు చప్పుడైంది. పిన్నీసుతో చిక్కినన్ని ఆకులు తీసి జేబులో వేసుకున్నాను. మిగిలింది పొడై లోపల తలను గీకేసింది. మామ వచ్చాడు, వెనకే పిల్లలు, వాళ్ల వెనక చిచ్చా.

"ఏమాయెరా?"

"తెల్వది మామా," అన్నాను.

"నాకు తెల్సు. ఏమయా భాయ్, టేప్ రికార్డర్ బెల్టు ఏసిన్నని ఊరంత చాటితివి గద. ఇప్పుడు జర పాట పాడుమను."

పిల్లలు నవ్వారు. "ఒక్కపారి విప్పి చూస్త సారూ," అన్నాడు చిచ్చా. మామ ముట్టనివ్వలేదు. ఏ మాటకైనా రెండు మాటలు తిప్పికొట్టే మనిషి ఆ రోజు తలొంచుకుని మెట్లు దిగాడు. నా జేబులో ఆకులున్నాయి, నోట్లో డిగ్రీ ఉంది. కంప్యూటర్‌కు ఆకు మేపిన గురువని తెలిస్తే రేపు పాఠం ఎవరు వింటారు? ఆ ఒక్క లెక్కే వేసుకున్నాను. కొత్త మిషన్ల పని హైదరాబాద్‌వాళ్లకు పోయింది. ఏడాది తిరగకముందే చిచ్చా దుకాణం ఎత్తేసి తిరుమలగిరి వెళ్లిపోయాడు.

ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లేసరికి నా తలా నెరిసింది. అక్కడ అంగడి రోజు, వారం వారం జరిగే సంత. నీళ్ల మోటార్లు, మిక్సీలు బాగుచేస్తూ కూర్చున్నాడు. నా మాటంతా విని, స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"అయితే బెల్టు జారలేదన్నట్టు."

"జారలేదు చిచ్చా. మంచిగనే ఉండె."

"ఇన్నేండ్లు నేనే తప్పు బెల్టు ఏసిన్ననుకున్న బేటా. మల్ల ఎవ్వని కంప్యూటర్ ముట్టలే." గుడ్డకు చేతులు తుడుచుకుని లేచాడు. "నీ మామ నన్ను అందరి ముంగట అన్నడు. నువ్వొచ్చి నా చెవుల చెప్తే ఎట్ల సరిపోతది? నడు."

చాయ్ హోటల్‌కు తీసుకుపోయి, బల్ల మీద చరిచి, అందర్నీ ఇటు చూడమన్నాడు. నేను నిలబడ్డాను. "ఈయన ఏసిన బెల్టు మంచిదే. కంప్యూటర్ల ఆకులు పెట్టి ఖరాబు చేసింది నేను. నింద ఈయన మీద పడ్తుంటే సప్పుడు చెయ్యలే. తప్పైంది చిచ్చా, మాఫ్ చెయ్యి," అన్నాను. మేకలమ్మడానికి వచ్చినాయన సానుభూతిగా, "ఏం ఆకులు పెట్టినవన్నా? మేసిందా?" అని అడిగాడు. హోటలంతా నవ్వింది. ఒకప్పుడైతే ఆ నవ్వుకు చచ్చిపోయేవాణ్ని, ఇప్పుడు నేనూ నవ్వాను. చిచ్చా మాత్రం నవ్వలేదు. పొయ్యి దిక్కు చెయ్యి చూపించి, "చాయ్ చేసేటాయనకు ఇనరాలే. ఇంకోపారి చెప్పు," అన్నాడు.

రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాను. ఈసారి నా బీఎస్సీ కూడా కలిపి చెప్పాను.