ఎల్లమ్మ ఇవ్వని చోటు

ఎల్లమ్మకు తారీఖులు తెలియవు, స్లాబులు తెలుసు. కూతురు సరిత ఎప్పుడు నడిచిందని అడిగితే "మియాపూర్‌ల డాబా ఇంటికి మొదటి స్లాబు పడ్డనాడు" అంటుంది. మొగుడు ఓదెలుకు పచ్చకామెర్లు ఎప్పుడొచ్చాయంటే "హఫీజ్‌పేట్ స్టేషన్ అవతల బిల్డింగుకు సెంట్రింగ్ ఇప్పుతున్నప్పుడు" అంటుంది. ఇరవై ఏళ్లుగా నెత్తిన తట్టతో కాంక్రీటు మోసిన మనిషి మరి. మన పంచాంగం గోడకు వేలాడుతుంది, ఎల్లమ్మకు గోడే పంచాంగం.

ఆ పంచాంగాన్ని పటంగా గీయాలన్నది సరిత ఆలోచన. బొమ్మల కాలేజీలో ఆమెది ఆఖరి సంవత్సరం. కూలోళ్ల పిల్లకు బొమ్మల చదువేందని హఫీజ్‌పేట్ బస్తీలో నవ్వినవాళ్లు తక్కువేం కాదు. వాళ్లందరికీ ఎల్లమ్మది ఒకటే జవాబు. "మీ పిల్లలకు గీయరాదు, నా బిడ్డకు అస్తది. నన్నేం జెయ్యమంటరు?"

సరిత గోనెసంచులు విప్పి ఒకదానికొకటి కుట్టింది. వాటి మీద జిగురు కలిపిన సున్నం పూసి, ఆరాక తల్లి తిరిగిన నేలంతా గీసింది. మాదాపూర్‌లో పేల్చేసిన బండలు, చీర ఉయ్యాల కట్టిన వేపకొమ్మ, మేస్త్రితో తగువాడిన నీళ్ల తొట్టి, తెల్లాపూర్ దారిలో తేలు కుట్టిన మలుపు. మొత్తం పదహారు చోట్లు. ఊళ్లను పేర్లతో కాక తల్లి జ్ఞాపకాలతో గుర్తుపట్టే పటం అది.

దాని మీద సరితకు పెద్ద ఆశే ఉంది. ఆ ఏడాది మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన ఒక ఆఫీసు బిల్డింగు వాళ్లు, ఆఖరి సంవత్సరం విద్యార్థుల బొమ్మల్లో ఒకదాన్ని తమ ముందు హాల్లో పెడతామన్నారు. ఆ బిల్డింగుకు అయిదో అంతస్తు దాకా కాంక్రీటు మోసింది ఎల్లమ్మే. కట్టడం అయిపోయి, అద్దాల తలుపులు పెట్టాక మాత్రం ఆమె లోపల అడుగు పెట్టలేదు. గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ ఎవరిదో కాదు, ఓదెలుదే. "నా పెండ్లామైనా సరే, పని లేనిది లోపటికి రానియ్య. రూలంటే రూలే" అని తేల్చి చెప్పేశాడు. తల్లి ఆ తలుపులోంచి దర్జాగా నడిచి వెళ్లి తన బతుకును గోడ మీద చూసుకోవాలి. సరితకు కావలసింది అంతే.

అదే ఏడాది ఆమెకు ఇంకో పని దొరికింది. దివ్య అని కర్నూలు డాక్టరమ్మ, తరతరాలుగా రక్తంలో వచ్చే జబ్బుల మీద పరిశోధన చేస్తూ కూలీల అడ్డాల్లో రక్తం నమూనాలు తీసుకునేది. తీసుకునే ముందు ఒప్పుకోలు కాగితం చదివి వినిపించాలి. చదువు రానివాళ్లకు కూడా తెలిసేలా ఆ కాగితాన్ని బొమ్మల్లో పెట్టడం సరిత వంతు. సూదీ గాజు గొట్టమూ గీయడం ఎంతసేపు! "ఇస్తాను" అనే మనిషి కూడా తేలిగ్గానే వచ్చింది. "ఇవ్వను" అనే మనిషి దగ్గర చెయ్యి ఆగింది. అంతకుముందు ఎవరో గీసిన బొమ్మలో ఆ మనిషి తల దించుకుని ఏడుపు మొహంతో ఉంది. సరితకు ఒళ్లు మండింది.

"వద్దంటే తప్పు చేసినట్టా మేడం? గిట్ల గీస్తే ఇగ ఎవరు వద్దంటరు?"

"అయితే నువ్వే గీయి, చూద్దాం" అంది డాక్టరమ్మ.

సరిత తల్లిని గీసింది. మేస్త్రి తట్టలో ఇంకో రెండు ఇటుకలు ఎక్కువ వేయబోతే ఎల్లమ్మ ఎలా నిలబడుతుందో అలాగే గీసింది. మెడ నిటారుగా ఉంది, చూపు సూటిగా ఉంది, అరచెయ్యి ముందుకు చాచి ఉంది. డాక్టరమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసి, తన పనిలోని నీతిని రెండు ముక్కల్లో చెప్పింది. "గొట్టంలో ఉన్నా అది వాళ్ల రక్తమే సరితా. ఒక పనికని తీసుకున్నది ఇంకో పనికి వాడాలంటే మళ్లీ పోయి అడగాల. వద్దన్నోళ్లను ఎందుకని అడక్కూడదు. అడిగితే అదీ బలవంతమే." సరిత ఆ మాటలను స్కెచ్‌బుక్ అట్ట లోపల రాసుకుంది.

రాసుకుంది, బాగానే ఉంది. దీపం కిందే చీకటి అని ఊరికే అన్నారా?

పదహారో చోటు సంగతి తల్లి ఆమెకు చెప్పింది కాదు. ఎప్పుడో పక్కింటి భాగ్యమ్మతో గోంగూర తెంపుతూ చిన్న గొంతుతో చెప్పుకుంటుంటే, లోపలున్న సరిత విన్నది. విన్నది విన్నట్టు పటం నడిమధ్యలో పెట్టింది. మిగతా పదిహేనూ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. అంత బాగా కుదిరిందని ఆమెకే తెలుసు.

ఒక ఆదివారం పొద్దున పటాన్ని వాకిట్లో ఎండకు పరిచింది. ఎల్లమ్మ గొంతుకూర్చుని వేలితో దారి పట్టుకుని నడుస్తూ, ఒక్కో చోట ఆగి, పడీపడీ నవ్వింది. నడిమధ్యకు వచ్చేసరికి వేలు ఆగింది. నవ్వూ ఆగింది.

"గిది నీకెవరు చెప్పిండ్రు?"

"నువ్వే. భాగ్యమ్మక్కకు చెప్తుంటే ఇన్న."

"భాగ్యమ్మకు చెప్పిన. నీకు చెప్పిన్నా?"

ఎల్లమ్మ తిట్టలేదు. లేచి వెళ్లి బోళ్లు తోముకుంది. తిట్టినా బాగుండేదని సరిత ఆ పూటంతా కుమిలింది. ముక్కూ మొహం తెలియనివాళ్ల రక్తపు బొట్టు కోసం అంత వాదించిన తను, కన్నతల్లి గుండెలోది అడక్కుండా తీసుకుంది. దానికి తల్లి కూతుళ్లమనే సాకు ఒకటి!

ఆ చోట ఏముందని మీరు అడుగుతారని తెలుసు. నేనూ చెప్పను. కన్నబిడ్డకే ఇవ్వనిది ఎల్లమ్మ మీకూ నాకూ ఎందుకిస్తుంది?

మర్నాడు సరిత ఆ చోట మందంగా సున్నం పూసేసింది. దానికోసం ముందు పెన్సిల్‌తో వేసుకున్న చిత్తు కాగితాన్ని తల్లి చేతికిచ్చింది. ఎల్లమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది. అప్పుడు సరిత, డాక్టరమ్మ కాగితం లాంటిదే ఒకటి, ఆమె చెప్పిన నీతితో సహా రాసి తల్లి ఎదుట కూర్చుంది.

"ఒక్కొక్కటి సదువుత. ఇస్తనంటేనే ఉంచుత."

ఎల్లమ్మ కొంగు సవరించుకుంది. "ఇరవై ఏండ్ల సంది ఏడ అంటే ఆడ ఏలుముద్ర ఏసిన. రేషన్ కాడ ఏసిన, దవాఖానల ఏసిన, మేస్త్రి బుక్కుల ఏసిన. ఒక్కడన్న సదివి ఇనిపిచ్చిండా? సదువు బిడ్డా, జర మెల్లగ సదువు."

బండలు ఇచ్చింది, వేపకొమ్మ ఇచ్చింది, తేలును కూడా ఇచ్చేసింది. స్లాబు పడ్డనాటి దావత్‌లో ఓదెలు తాగి చెప్పులు పోగొట్టుకుని, ఎర్రటి ఎండలో ఇంటిదాకా గెంతుతూ వచ్చిన చోటు రాగానే "అది రెండుసార్లు ఇస్త" అంది.

తలుపు దగ్గర గడ్డం గీసుకుంటున్న ఓదెలు గయ్యిమన్నాడు. "గది నా ముచ్చట! నన్నడగరా?"

సరిత ఆలోచించింది. నిజమే కదా! ఒకరి రక్తంలో అన్నదమ్ములది కూడా ఉన్నట్టు, ఒకరి జ్ఞాపకంలో పక్కవాళ్లది కూడా ఉంటుంది. తండ్రినీ అడిగింది. కాళ్లకు చెప్పులు తొడిగి గీస్తే తనకేం అభ్యంతరం లేదన్నాడు. పోగొట్టుకున్న చెప్పులు అలా ఇరవై ఏళ్లకు తిరిగొచ్చాయి.

పటం చూడటానికి కాలేజీకి బయటి నుంచి సీతారామాంజనేయులు గారు వచ్చారు. గోదావరి వైపు మనిషి, నిక్కచ్చి పరీక్షాధికారి. మాదాపూర్ హాలుకు బొమ్మను ఎంచేదీ ఆయనే. పటం ముందు పావుగంట నిలబడ్డారు.

"చాలా బాగుందమ్మా. కానీ నడిబొడ్డున ఈ తెల్ల మచ్చ ఏమిటండీ? పనంతా అసంపూర్తిగా కనబడుతోంది. శుక్రవారం మళ్లీ వస్తాను, నింపి ఉంచండి. ఆ హాల్లోకి వెళ్లేది మీదే."

ఆయన వెళ్లాక తోటి విద్యార్థి దినేష్ భుజాలెగరేశాడు. "ఫికర్ ఎందుకు? ఒక గుట్టనో చెట్టునో ఏసెయ్. సార్‌కు ఏమెర్క?"

ఎర్క లేకపోవచ్చు. కానీ తల్లి పేరు రాసిన గొట్టంలో ఎవరి రక్తమో పోసి మూత పెట్టడం లాంటిదే ఆ పని. సరిత కుంచె ముట్టలేదు. తల్లిని ఇంకోసారి అడిగి చూద్దామా అన్న ఆశ ఒకటి రెండు రోజులు పీకింది. అడిగితే తన కోసం ఇచ్చేస్తుందని తెలుసు, అందుకే అడగలేదు.

ఎల్లమ్మకు ఆ సంగతి దినేష్ నోటనే తెలిసింది. శుక్రవారం నాడు, బతుకమ్మకు కొన్న చీర కట్టుకుని తనే కాలేజీకి బయలుదేరింది.

సీతారామాంజనేయులు గారు రానే వచ్చారు. మచ్చ అలాగే ఉంది.

"నింపలేదేమమ్మా?"

"అది మా అమ్మది సార్. ఆమె ఇయ్యలేదు. ఇయ్యనిది నేను గీయను."

ఆయన ఎల్లమ్మ వైపు తిరిగారు. కోపంగా కాదు, నచ్చజెప్పే ధోరణిలోనే అడిగారు. "ఎందుకివ్వరమ్మా? మీ అమ్మాయి భవిష్యత్తు కదండీ."

ఇక అయిపోయింది అనుకుంది సరిత. బిడ్డ కోసమంటే తల్లి ఏదైనా ఇచ్చేస్తుంది. ఏ కాగితం చూపించినా కాదనకుండా ముద్ర వేసిన చెయ్యి అది. ఎల్లమ్మ చెయ్యి నెమ్మదిగా రొండికి, మడతల కాగితం ఉన్న చోటుకు పోయింది. అక్కడే ఆగింది. తర్వాత ఆమె మెడ నిటారుగా అయింది.

"ఇయ్య సార్. పదిహేను ఇచ్చిన, గదొక్కటి నాది. వద్దన్నోళ్లను ఎందుకని అడగొద్దట. నా బిడ్డ సదివి ఇనిపిచ్చింది."

డాక్టరమ్మ కాగితంలో తను గీసిన మనిషి ఎదుట నిలబడి ఉంటే, సరితకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తల్లి కడుపున పుట్టినందుకు గర్వంతో ఛాతీ పొంగింది. హాలు పోతే పోయింది అనుకుంది.

సీతారామాంజనేయులు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అడగటం నాదే పొరపాటమ్మా" అన్నారు. మళ్లీ పటం ముందుకు వెళ్లి, ఈసారి ఆ తెల్లటి చోటునే చూస్తూ నిలబడ్డారు. చివరికి హాలుకు ఎంపిక చీటీ మీద సరిత పేరే రాశారు.

పటం గోడకెక్కిన మర్నాడు ఎల్లమ్మ ఆ బిల్డింగు గేటు దగ్గరికి వెళ్లింది. డ్యూటీలో ఉన్న ఓదెలు మామూలుగానే రిజిస్టరూ ఇంకుప్యాడూ ముందుకు జరిపాడు.

"ముద్రెయ్యి, తొందరగ."

ఎల్లమ్మ బొటనవేలు చాచలేదు. "ముందుగాల సదువు. ఏం రాసున్నదో ఇని ఏస్త."

వెనకాల మెడలో టైలు కట్టుకున్న కుర్రాళ్లు నలుగురు వరసలో ఆగారు. ఓదెలు గొంతు సవరించుకున్నాడు. అక్షరాలు ఇంగ్లీషువే అయినా, రోజూ నింపించి నింపించి ఆ గళ్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు. వేలు పెట్టి ఒక్కోటీ చెప్పుకొచ్చాడు. "గిక్కడ పేరు. గిక్కడ ఊరు. గిక్కడ, ఏం పని మీద వచ్చిండ్రని. ఏమని రాయాలె?"

ఎల్లమ్మ అద్దాల తలుపు అవతల గోడ మీదున్న పటాన్ని, దాని నడుమనున్న తెల్లటి చోటును చూసింది.

"నాది నేను చూసుకునేటందుకని రాయి" అని, బొటనవేలు ఇంకులో అద్దింది.