కానుగ చెట్టుకు కట్టిన తువాలు

నిరుడు ఎండాకాలం మొదట్లో, కోరుట్ల బస్టాండు ఎదురుగా కానుగ చెట్టు కింద సిరిసిల్ల బస్సు కోసం కూర్చున్నాను. చెట్టు అప్పుడే చిగురించింది. మాను తొడంత లావుంటుంది. పక్క దుకాణం యజమాని తన బోర్డు కనబడటం లేదని గొడ్డలి తెచ్చి మొదలు మీద వేశాడు. రెండో దెబ్బకు, రోడ్డు ఊడుస్తున్న ఒకామె చీపురు పారేసి వచ్చి అడ్డం నిలబడింది.

“దీని ఆకులు రాలితే నేనే ఊడ్సిన. ఎండలకు బిందెతోని నీళ్లు నేనే పోసిన. గిప్పుడెందుకు నరుకుతున్నవు సేటూ?”

అతను ఆమె జుట్టు పట్టి తలను మానుకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నుదురు పగిలి నెత్తురు కళ్లలోకి కారింది. ఆమె అతని మణికట్టును పళ్లతో పట్టేసింది. గొడ్డలి జారి పడగానే అందుకుని పైకెత్తింది.

“ఇంకోపాలి దీనిమీద చెయ్యేస్తే నీ కాళ్లు నరుకుత.”

అతను దుకాణంలోకి పోయి షట్టరు దించుకున్నాడు.

అప్పుడు లేచి నా తువాలు ఇచ్చాను. “నెత్తికి కట్టుకో అక్కా.”

ఆమె నల్లా కింది తడిమట్టి తెచ్చి గొడ్డలి గాట్లలో నింపింది. మాను చుట్టూ నా తువాలు బిగించి కట్టింది.

“నాది మానుతది తమ్మీ. దీనికి తోలు ఊడింది.”

బస్సు వచ్చింది. తనను కొడుతున్నంతసేపూ ఎందుకు కూర్చున్నావని ఆమె నన్ను అడగలేదు.