పది లక్షల తొమ్మిది

మొన్న గవర్నర్‌పేటలో కళ్ళజోడు కోసం కూర్చుని ఉండగా, పక్కనున్న కాలేజీ పిల్ల ఫోనులో పెద్ద పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొడుతోంది. పది లక్షల తొమ్మిది కొట్టి చూడమ్మా అన్నాను. రెప్పపాటులో చెప్పింది: రెండువందల తొంభై మూడు ఇంటూ మూడువేల నాలుగువందల పదమూడు. ఆ సంగతి నాకు నలభై ఏళ్ళుగా తెలుసు.

హనుమాన్ జంక్షన్ దగ్గర మా పొలాలూ బియ్యం మిల్లూ నాన్నగారికీ బాబాయికీ పంపకాలయ్యాక, మా వాటా ఎంతోకాలం నిలవలేదు. వన్ టౌన్‌లో రెండు గదుల అద్దె ఇంటికి వచ్చాం. అక్కడా నాన్నగారు ఇస్త్రీ లేని చొక్కాతో గుమ్మం దాటలేదు. పంపకాలనాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

పది లక్షలు ఎలా పంచినా పంచబడుతుంది, దానికి తొమ్మిది చేరిస్తే ఎవరికీ లొంగదని నాన్నగారి నమ్మకం. రెండు సంఖ్యల లబ్ధమే అయితే అందులో చిన్నది వెయ్యి దాటదు కనుక, వెయ్యి లోపలి ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే చాలు. రోజూ పొద్దున్నే క్యాలెండరు కాగితం చింపి, వెనకవైపు ఒక్క భాగహారం చేసేవారు. బీయస్సీ చదువుతున్న నేను సరిచూసి సంతకం పెట్టాలి.

నూట అరవై ఎనిమిదో కాగితంతో అది ప్రధాన సంఖ్యేనని తేలింది. పంపకాల తరువాత మొదటిసారి, లెక్కల లెక్చరరైన బాబాయికి కార్డు రాశారు, పంచలేనిదొకటి చూసి వెళ్ళమని.

ఆ కాగితాలు దారానికి గుచ్చుతూ రెండువందల తొంభై మూడుతో భాగించినది చూశాను. పరీక్షల హడావుడిలో చూడకుండా సంతకం పెట్టిన కాగితమది. పన్నెండు వందల పదిలోంచి పదకొండు వందల డెబ్బై రెండు పోతే ముప్ఫై ఎనిమిది. నాన్నగారు నలభై ఎనిమిది వేశారు. సరిచేస్తే శేషం సున్నా. ఎవరిముందూ వంచని తల ఆ తమ్ముడి ముందే వంగుతుందని, చెప్పకుండా దాన్నీ మిగతావాటితో గుచ్చేశాను.

బాబాయి వచ్చి ఒక్కొక్క కాగితమే తిప్పి, అక్కడ ఆగారు. నావైపు చూశారు.

"ఏరా, దొరికిందా తప్పు? మీ కాలేజీవాళ్ళకి దొరకదులే," అన్నారు నాన్నగారు తమ్ముడితో.

"నీ లెక్కలో తప్పెక్కడ అన్నయ్యా! చిన్నప్పుడు నా చెవులు మెలిపెట్టి మరీ నేర్పావు కదా. ఇది చీలే సంఖ్య కాదు."

నాన్నగారు ఎన్నాళ్ళకో గట్టిగా నవ్వారు. ఆ తరువాత పదకొండేళ్ళు బతికారు, నిటారుగానే.

బాబాయి మంచం పట్టారని కబురొచ్చినా నేను వెళ్ళలేదు. బస్సులో గంట దూరం. మా వాటా నాన్నగారి చేతిలోనే కరిగిందని తెలిసీ, బాబాయే ముంచారని నా పట్టుదల. ఇప్పటి పిల్లలు దెబ్బలాడుకున్నా సాయంత్రానికి ఫోనులో కలిసిపోతారు, మంచిదే. మాటల్లేకుండానే అన్న పరువు కాచిన తమ్ముడు మా ఇంట్లో ఒకరుండేవారు. ఆయనకు నేను ఒక్క నమస్కారం బాకీ పడ్డాను.