గంటలక్కయ్య పెట్టిన రెండు నిమిషాలు

ఆ భవనంలో ఎన్ని ఆఫీసులున్నాయో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కుకు కూడా సరిగ్గా తెలియదు. అన్నింటి ఫోన్ మాటలూ మాత్రం కింది అంతస్తులోని ఒక చల్లటి గదిలోంచే పోతాయి. ఆ గదిలో బీరువాలాంటి బూడిదరంగు టెలిఫోన్ ఎక్స్ఛేంజి యంత్రం, దాని పక్కన ఒక కుర్చీ, కుర్చీలో శాలువా కప్పుకుని గంటలక్కయ్య. ఆవిడ అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. భవనంలో ఏ ఫోన్ మూగబోయినా, ఏ లైను తెగినా, అది చిన్న సంగతో పెద్ద సంగతో, ఎంతసేపు చూసి, ఎవరికి, ఏమని కబురు పెట్టాలో యంత్రానికి నేర్పేది ఆవిడే. ఆఫీసు కాగితాల్లో ఆ పని పేరు అలారం నిర్వచనాలు.

పెళ్లయిన కొత్తలో ఆవిడ అక్కడే ఆపరేటరు. "ఒక్క క్షణం, కలుపుతున్నాను" అంటూ ఒక లైను తర్వాత ఒక లైను తన చేత్తోనే కలిపేది. ఆ పని సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్లాక, తనే తంటాలు పడి దాని గుట్లన్నీ నేర్చుకుంది. ఇప్పుడు వందల గొంతులు ఒకేసారి ఆ బీరువాలోంచి పోతుంటాయి. ఒకరు ఎవరినో బతిమాలుకుంటూ ఉంటారు, ఇంకొకరు ఉద్యోగం వచ్చిందని ఇంటికి చెబుతుంటారు. ఒక మాట ఇంకో మాటకు తగలదు. బయటికి వినిపించేది ఫ్యాను చప్పుడొక్కటే. ఇన్నేళ్లయినా ఆవిడకు ఆ వింత పాతబడలేదు. పొద్దున రాగానే, పిల్లల నుదుటి మీద జ్వరం చూసినట్టు, బీరువా మీద అరచెయ్యి ఆనించి ఆ వెచ్చదనం చూస్తుంది.

"మా కోడలికి పదో అంతస్తులో ఫోన్ దగ్గినా వినపడుతుంది. పక్కనే కుక్కర్ కూస్తే మాత్రం వినపడదు" అని అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంది.

"దానికి మీరున్నారుగా అత్తయ్యా! మీకంటే పెద్ద అలారం ఎక్కడ దొరుకుతుంది?" అంటుంది కోడలు.

ఈ మధ్య ఆవిడకు నిద్ర పట్టనివ్వనిది లిఫ్టుల్లో ఉండే ఫోన్ల గొడవ. లిఫ్టు మోటారు ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడల్లా లోపలి ఫోన్ స్పృహ తప్పినట్టు పడిపోయి, కాసేపటికి తనంతట తనే తేరుకుంటుంది. పడినప్పుడొక కబురు, లేచినప్పుడొకటి. అవన్నీ గేటు దగ్గర సెక్యూరిటీ బాబాయ్ బల్ల మీదున్న, కూత పెట్టే చిన్న పెట్టెకు వచ్చిపడతాయి.

"అమ్మాయ్, నీకో దండం" అన్నాడు బాబాయ్ ఆవిడ ఎదురుపడగానే. "పోయిందని ఓసారి, వచ్చిందని ఓసారి. ఇంకోసారి కూసిందంటే దాని బ్యాటరీ పీకేస్తా."

"నిన్ననే పీకేశావు కదా బాబాయ్. అప్పట్నుంచీ ఒక్క జవాబూ లేదు."

బాబాయ్ నాలుక కరుచుకున్నాడు. ఆవిడకు కోపం రాలేదు, భయమేసింది. నిజంగా ఫోన్ చచ్చిన రోజున లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే, ఆ కబురు వినే చెవే ఉండదు.

కొత్తగా వచ్చిన మేనేజరుకూ ఈ గోల చేరింది. "వాటంతటవే సర్దుకునేవాటికి పది నిమిషాల గడువు పెట్టండి మేడమ్. అప్పటికీ తేరుకోకపోతేనే కబురు వెళ్లాలి. లేకపోతే జనం అసలే చెవులు మూసుకుంటారు" అన్నాడు. ఆ మాట న్యాయమే. ఆవిడ ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చి, లిఫ్టు ఫోను దగ్గర ఆగిపోయింది.

ఆవిడకో అలవాటుంది. ఏ గడువు రాసినా ముందు ఆ చోటికి వెళ్లి, అక్కడి ఫోన్ ఆపించి, అంతసేపూ తనే కూర్చుని చూస్తుంది. రిసెప్షన్ ఫోనుకు అలాగే చూసింది, క్యాంటీన్ ఫోనుకూ అలాగే చూసింది. లిఫ్టులో మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు.

ఈసారి అందులోనే కూర్చుంటానంటే మెకానిక్కు పకపకా నవ్వాడు. "ఒకప్పుడేమో ఎక్స్ఛేంజి మొత్తం పడిపోతే మీ బల్ల మీది ఫోన్ మోగేటట్టు పెట్టుకున్నారు. ఆ ఫోనూ అదే ఎక్స్ఛేంజిది, పాపం, అదేం మోగుతుంది! ఇప్పుడు మీరే బోనులోకి వెళ్తున్నారా అక్కయ్యా?"

"ఎన్నేళ్లు దెప్పుతావయ్యా? పది నిమిషాలు. ఒక్క క్షణం కూడా ముందు తెరవకు."

సెల్లు, వాచీ అతని చేతిలో పెట్టి ఎక్కింది. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య కుదుపుతో ఆగింది. ఫ్యాను నిలిచిపోయింది. మూలన చిన్న దీపం మిగిలింది. ఆవిడ ఫోన్ బొత్తాం నొక్కి చెవి ఆనించింది. ఎన్నో ఏళ్లుగా ఫోన్లు వింటున్న చెవి అది. ఎంత పాడైన లైనులోనైనా సన్నటి హోరు ఉంటుంది, ఊపిరిలాంటిది. ఇందులో అదీ లేదు.

మొదట గ్రీజు వాసన తెలిసింది. తర్వాత తన ఊపిరి చప్పుడు. గోడకు అవతలే తీగల కట్ట పైకి పోతుందని ఆవిడకు తెలుసు. భవనం మాటలన్నీ తన భుజానికి జానెడు దూరంలో పరుగెడుతున్నాయి. అన్ని వందల మంది! వాళ్లలో ఒక్కరికీ ఆవిడ ఇక్కడున్నట్టు తెలియదు. పైనెక్కడో ఎవరో నవ్వుతూ నడిచి వెళ్లారు.

అప్పుడు అవతల్నుంచి ఎవరో తలుపు తట్టారు. టక్, టక్. ఆ చప్పుడుకే పోయిన ప్రాణం లేచొచ్చింది.

తలుపు తెరిచాక అడిగింది, "పది అయిందా?"

మెకానిక్కు నవ్వలేదు. "ఎక్కడక్కయ్యా? మూడో నిమిషంలోనే మీరు తలుపు బాదడం మొదలుపెట్టారు. నాకు భయమేసి నేనూ తట్టాను."

ఆవిడ తన అరచేతులు చూసుకుంది. ఎర్రగా ఉన్నాయి. బాదిన సంగతే ఆవిడకు తెలియదు.

సాయంత్రం మేనేజరు తెర వైపు చూసి, "అన్నింటికీ పది పెట్టి దీనికి రెండే ఎందుకు మేడమ్?" అన్నాడు.

"ఫోను స్పృహ తప్పితే ఎప్పుడూ నిమిషంలోపే తేరుకుంటుంది సార్, రెండు పెట్టినా ఉత్త గోల బాబాయ్ దాకా పోదు. రెండు దాటిందంటే నిజంగానే పోయినట్టు. మూడో నిమిషంలో నేను తలుపు బాదాను."

అతను ఆవిడ చేతుల వంక చూశాడు. "అలాగే ఉంచండి" అన్నాడు మెల్లగా.

కబురు మాటల్నీ ఆవిడే మార్చింది. అంతకుముందు అక్కడ బాబాయ్‌కి కొరుకుడుపడని యంత్రం భాష ఉండేది. ఇప్పుడు అక్కడున్నది ఇంతే: "లిఫ్టులో ఫోన్ పలకడం లేదు. లోపల ఎవరైనా ఉన్నారేమో. వెళ్లి తలుపు తట్టండి."

బాబాయ్ తనే బ్యాటరీ తిరిగి పెట్టాడు. పెట్టె రోజుల తరబడి నోరెత్తలేదు. ఒక మధ్యాహ్నం అది కూసింది. కాసేపటికి ఆవిడ సెల్లు మోగింది. అవతల బాబాయ్ రొప్పుతున్నాడు.

"ఎవరూ లేరమ్మాయ్. ఫోన్ తీగ తెగిందట. లిఫ్టు ఖాళీ."

"మెట్లెక్కి వెళ్లావా? ఆ మోకాళ్లతోనా?"

"తలుపు తట్టమన్నావుగా! మెకానిక్కు వచ్చి తెరిచేదాకా తడుతూనే ఉన్నా. లోపల ఎవరైనా ఉంటే భయపడతారని మాట్లాడుతూ కూడా ఉన్నా. నా సంసారం గొడవలన్నీ ఆ లిఫ్టు వినేసింది."

ఆవిడకు నవ్వొచ్చింది. సెల్లు చెవి దగ్గరే ఉంచుకుని లేచి వెళ్లి బీరువా మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది.