తుడవడానికి ఏమీ మిగలని ఆదివారం

ఆ రోజుల్లో, అంటే మేం బెంగళూరుకు వచ్చిన కొత్తలో, భయపడటానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. ఎవరైనా కోపంగా మాట్లాడితే భయం, మర్యాదగా మాట్లాడితే ఇంకా భయం. అనంతపురం వైపు నుంచి కట్టడం పనికి వచ్చి రేకుల షెడ్డులో కాపురం పెట్టిన దాన్ని. మా చిన్నమ్మ ఎవరెవరినో బతిమాలి పంజాబీ వాళ్ల బడిలో ఊడ్చి తుడిచే పని ఇప్పించింది. గురుద్వారా పక్కనే ఉన్న ఆ బడి ఆదివారాలు మాత్రమే నడిచేది. ఊళ్లో ఉన్న సిక్కుల పిల్లలు వచ్చి వాళ్ల భాష, పాటలు, పద్ధతులు నేర్చుకునేవారు. పనితోపాటు బడి వెనక ఒక గది కూడా ఇచ్చారు. గదంటే ఎంత గది! కాళ్లు చాపితే ఎదుటి గోడ తగిలేది. కానీ దానికి సొంత కుళాయి ఉండేది. షెడ్డు దగ్గర బిందె పట్టుకుని కొట్లాడిన వాళ్లకే తెలుస్తుంది, తలుపు తీయగానే నీళ్లు కనిపించడమంటే ఏమిటో. పెళ్లయ్యాక మా ఆయన ఈల వేయడం మొదటిసారి ఆ గదిలోనే విన్నాను.

నేను చేరింది వేసవి సెలవుల్లో కాబట్టి బడి ఎలా నడుస్తుందో చూడలేదు. సెలవులయ్యాక మొదటి ఆదివారం, గుమ్మం దగ్గర ఊడుస్తూ ఉంటే తెల్లగడ్డం, నీలం తలపాగా ఉన్న పెద్దాయన కారు దిగి వచ్చి చీపురు ఇమ్మని చేయి చాచాడు. (బడికి పెద్ద ఆయనే. పిల్లలందరికీ దాదాజీ.) ఇచ్చాను. ఊడ్చాడు, మూలలు కూడా వదలకుండా. తర్వాత నేలమీద కూర్చుని, పిల్లలు విడిచిన బూట్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచాడు. వంటగదిలోకి పరుగెత్తితే అక్కడ పట్టు చుడీదారులు వేసుకున్న ఆడవాళ్లు నా గిన్నెలు తోముతున్నారు. ఒకామె బంగారు గాజులు మోచేతి దాకా తోసుకుని మరీ తోముతోంది. (నా గిన్నెలు అంటున్నాను చూడండి, చేరి ఎంతో కాలం కాకపోయినా!)

సాయంత్రం చిన్నమ్మ దగ్గరికి వెళ్లి మొత్తుకున్నాను. ఆమె ఇళ్లలో పనిచేసి తల పండిన మనిషి.

"పెద్దాయనే ఊడ్చినాడా? నిన్నేమన్నా అన్యాడా?"

"ఏమీ అనలా చిన్నమ్మా. నవ్వినాడు."

"నవ్వినాడా!" చిన్నమ్మ తల పట్టుకుంది. "అయితే అయిపాయ. ముందు చేసిన బంగ్లాలో నాకూ ఇట్లే ఆయె. ఒకదినం అమ్మగారే గిన్నెలు కడుక్కునె, నవ్వుతానే కడుక్కునె. మర్నాడు నన్ను రావద్దనిరి. వాళ్ల పని వాళ్లే చేసుకుంటాండారంటే నీ పని నచ్చలేదని. గొత్తాయితా, తెలిసిందా?"

"ఇప్పుడేం చేయాల?"

"వాళ్లొచ్చే లోపల ఏమీ మిగల్చొద్దు. ఒక్క పుల్ల కనపడకూడదు."

ఆ శనివారం, పిల్లలకు పాఠాలు చెప్పే మేడమ్ వచ్చి నల్లబల్ల మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఏదో రాసి, చుట్టూ పూలు గీసి వెళ్లింది. అప్పటికి నాకు ఏ భాషా చదవడం రాదు. (తెలుగు అక్షరాలు దిద్దింది నలభై దాటాకే.) చదవడం రాని మనిషికి గోడ మీద ఏం రాసినా తన గురించే రాసినట్టుంటుంది. పూలు కూడా గీశారంటే మర్యాదగా సాగనంపుతున్నారని అర్థం చేసుకున్నాను.

ఆదివారం తెల్లవారకముందే లేచి హాలు ఊడ్చి తడిగుడ్డ పెట్టాను. గిన్నెలన్నీ మళ్లీ తోమాను. మా ఆయన్ని లేపి కిటికీలు అప్పగించాను.

"ఏమే, ఈ పొద్దు మంత్రి వస్తాండాడా?"

"మాట్లాడకుండా తుడుచప్పా. కుళాయి కావాల్నా, వద్దా?"

పాపం, లేచి గుడ్డ అందుకున్నాడు. పిల్లలు రావడం మొదలయ్యాక, బూటు విడవడం ఆలస్యం, పట్టుకుని తుడిచి వరసలో పెట్టాను. ఒకడు ఇంకా విడవకముందే కాలు పట్టుకుంటే వాడు జడుసుకుని వాళ్లమ్మ వెనక దాక్కున్నాడు.

కాసేపటికి పిల్లలందరూ చేతుల్లో చిన్న చిన్న చీపుళ్లు, గుడ్డలు పట్టుకుని బారుగా వచ్చారు. చూడటానికి తల్లిదండ్రులు చుట్టూ నిలబడ్డారు. మేడమ్ నేల చూసింది, గిన్నెలు చూసింది. దాదాజీ ఒక బూటు తిప్పి అడుగు చూశాడు. (అడుగులు కూడా వదల్లేదు నేను.) అందరిలోకీ చిన్నపిల్ల గుడ్డ పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. మేడమ్ నన్ను పిలిచింది. ఆమె పుట్టి పెరిగింది బెంగళూరులోనే, తెలుగువాళ్ల మధ్య కాబట్టి మా భాష బాగానే మాట్లాడేది.

ఆమె నోరు తెరవకముందే నేను అనేశాను. "గది ఖాళీ చేసేదానికి కొంచెం టైమియ్యండి మేడమ్."

"ఏం గది? ఎవరు ఖాళీ చేయమన్నారు?"

"మీరే కదా బోర్డు మీద రాసిండేది."

మేడమ్ బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది, కుర్చీలో కూలబడింది. "అయ్యో తల్లీ! సేవ అని రాసినాను. ఈ దినం పిల్లలకు అదే పాఠం. బూట్లు తుడిచేది, ఊడ్చేది, గిన్నెలు కడిగేది. మాలో ఎంత పెద్దోళ్లైనా చేయాల. దాదాజీ వారం వారం చేస్తారు, ఎవరూ ఆపలేరు. నువ్వు పాఠమంతా నువ్వే చేసేసినావు. ఇప్పుడు వీళ్లకు నేనేం నేర్పించాల?"

దాదాజీ గడ్డం నిమురుకుంటూ పంజాబీలో ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం మేడమ్ మొహమే చూస్తున్నాను.

"వచ్చే వారం మళ్లీ పెడదాం అంటాండారు. ఆ దినం కొంచెం గలీజుగా పెట్టు తల్లీ, నీకు పుణ్యముంటాది."

చెప్పడం తేలికే. శుభ్రం చేసి గది నిలబెట్టుకున్న మనిషి చేత్తో మురికి చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. మరుసటి ఆదివారం పెరట్లోంచి గుప్పెడు మట్టి తెచ్చి, దొంగలా అటూ ఇటూ చూసి హాల్లో చల్లాను. ఎక్కువైందేమోనని సగం ఊడ్చేశాను. తక్కువైతే మేడమ్ ఏమంటుందోనని మళ్లీ చల్లాను. పిల్లలు వచ్చి ఈ మూల మట్టి ఆ మూలకు చేరుస్తుంటే, చీపురు లాక్కోకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

ఇప్పుడు అప్పటి నేను, అన్నిటికీ భయపడే ఆ అమ్మాయి ఎదురైతే పక్కన కూర్చోబెట్టుకుని, "నీ గది ఎక్కడికీ పోదులే" అని చెప్పాలనిపిస్తుంది. నమ్మదు. ఇంత మెత్తగా మాట్లాడుతోందేమిటని, నన్ను చూసి కూడా భయపడుతుంది.