మా కాప్టెన్ చేతులతో తవ్విన ఇసుక

పోయిన శుక్రవారం జుమ్మా నమాజు ముగించుకొని బయటికొస్తుంటే రాయచోటి మామ ఫోన్ చేశాడు. ఒకప్పుడు మా ర్యాలీ జట్టుకు వంట చేసినవాడు. “అబ్బీ, కాప్టెన్ పోయినాడంట రా. పొద్దన్నే, నిద్దర్లోనే. అసర్ నమాజు అయినంక అల్ ఖర్జ్‌లో మట్టి చేస్తారంట,” అన్నాడు. చెప్పులు చేతిలో పట్టుకొనే మసీదు మెట్ల మీద కూలబడ్డాను.

పత్రికలకు ఆయన ఎడారి కారు ర్యాలీల డ్రైవరు. పదకొండేళ్లు ఆయన కారుకు మెకానిక్‌గా ఉన్న నాకు కాప్టెన్, అంతే. తన ఊరు అల్ ఖర్జ్‌లో ఆవులకు గడ్డి మోసే పికప్పుతో ఇసుక తిన్నెలెక్కడం నేర్చుకున్నాడు. మొదటి పోటీకీ ఆ బండితోనే వెళ్లాడట. “గెలవలేదు కానీ, దారిలో ఒంటెలన్నీ నా వెంటే పడ్డాయి,” అని నవ్వేవాడు. తర్వాత పెద్ద కార్లొచ్చాయి, కప్పులొచ్చాయి, చొక్కా నిండా కంపెనీల పేర్లొచ్చాయి.

రోజూ తెల్లవారుతూనే, కారెక్కేముందు, బూట్లు విప్పి ఇసుకలో నడిచేవాడు. ఇదేం పిచ్చిరా దేవుడా అనుకునేవాణ్ణి. ఒకనాడు నన్నూ విప్పమన్నాడు. అబ్బ, ఆ చల్లదనం! నిద్రలో నడుస్తున్నట్టే ఉండింది. “ఇసుక రోజుకో మనిషి. నిన్నటి సలాం ఇవాళ చెల్లదు,” అన్నాడు, ఆయన అరబ్బీలో నా ఉర్దూ కలిపి. ఇసుక మెత్తగా ఉంటే టైర్లలో గాలి తగ్గించాలి, అప్పుడే బండి తేలుతుంది. గాలి వదిలేది నేను. ఆయన కళ్లు మూసుకొని ఆ బుస వింటూ, చాలనిపించగానే “ఖలాస్” అనేవాడు. మీటరు చూస్తే ముల్లు సరిగ్గా ఉండేది.

ఇక నా నిర్వాకం చెప్పాలి. ఆయన చివరి ర్యాలీ. మూడో స్థానంలో ఉన్నాం, ఇంకా రెండే రోజులు. కారు ఇసుకలో దిగబడితే చక్రాల కింద వేసే పొడవాటి రేకులుంటాయి. మర్నాడు స్పాన్సర్ కంపెనీ మనుషులు వస్తున్నారని, రేకుల మీద వాళ్ల పేరు కనబడాలని, పెళ్లికి పళ్లాలు తోమినట్టు తోమి టెంటుకు ఆనించాను. పొద్దున వాటిని కారుకు కట్టడం మరిచాను. కారు దుమ్ములో కలిసిపోయాక తిరిగి చూస్తే, రేకులు ఎండకు తళతళలాడుతున్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అందరూ చేరాక, పొద్దువాలే వేళకు వచ్చాడు. గోళ్ల సందుల్లో నెత్తురు. చేతులతోనే తవ్వి బయటపడ్డాడట. స్పాన్సర్ మనిషి “రేకులేవి?” అని గద్దించాడు. నేను నోరు తెరవబోతే రాయచోటి మామ నా మోచెయ్యి పట్టుకున్నాడు. “గమ్మునుండు అబ్బీ, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి నిన్ను ఇంటికి పంపిస్తారు.” అంతలో కాప్టెనే అన్నాడు, “బరువని నేనే దింపించాను.” ఇంత నిర్లక్ష్యపు మనిషి మాకొద్దని వాళ్లు వెళ్లిపోయారు. మళ్లీ ఎవరూ ఆయనకు కారివ్వలేదు.

వారం తర్వాత కాప్టెన్ దగ్గరికి వెళ్లి ఏడ్చాను. “మాలేష్, పోనీలే. నిన్ను పంపేస్తే నీ పిల్లల చదువు ఆగుతుంది. నాకు ఊళ్లో ఆవులున్నాయి,” అన్నాడు. ఆయన పేరు మీది మచ్చ తుడుద్దామని ప్రతి పండక్కీ అనుకున్నాను. పిరికివాణ్ణి, వాయిదా వేశాను. మచ్చతోనే ఆయన వెళ్లిపోయాడు.

ఆ శుక్రవారం సాయంత్రం అల్ ఖర్జ్‌లో ఆయన సమాధి మీద మూడు గుప్పిళ్లు ఇసుక వేసి నిలబడితే, ఆయన కొడుకు పక్కకొచ్చాడు. ఇప్పుడు కూడా చెప్పకపోతే నేను మనిషినే కాదు. “ఆ రేకులు మీ నాన్న దింపించలేదు. నేను మరిచాను,” అన్నాను. అతను వంగి చెప్పులు విప్పాడు. నేనూ విప్పాను. ఇద్దరం అతని కారుదాకా వట్టి కాళ్లతో నడిచాం. ఎండ దిగిపోయి ఇసుక చల్లబడుతోంది.

“మెత్తగా ఉంది,” అన్నాడు అచ్చం తండ్రి గొంతుతో.

“గాలి తగ్గిస్తాను, కాప్టెన్,” అన్నాను.